సకినాలు పేలినప్పుడు తెలిసింది

"విదేశాలకు వెళ్ళాక మీ ఇంటి పండుగలు ఎట్లా మారాయి?" అని అడిగారు కదా. మాది హన్మకొండ, మెల్‌బోర్న్ వచ్చి తొమ్మిదేళ్ళు. పూలు, పిండివంటలు ఏదోలా కుదుర్చుకోవచ్చు. పిలవకముందే వచ్చి పీట వేసుకుని కూర్చునే మనుషులు మాత్రం దొరకరు, మా ఇంట్లో మారినవన్నీ దాని వల్లే మారాయి.

మొదటి సంక్రాంతికి సకినాలు చేద్దామని ఇండియన్ షాపులో బియ్యప్పిండి ప్యాకెట్ తెచ్చి, నువ్వులు, వాము వేసి కలిపి, చేతనైనట్టు చుట్టి నూనెలో వేశాను. రెండో వాయికే టపటపా పేలాయి, నూనె గోడ మీదికి ఎగిరింది, పొగకు ఇంట్లో అలారం మోగడం మొదలుపెట్టింది, మా ఆయన కుర్చీ ఎక్కి దాని కింద టవల్ ఊపుతున్నాడు. అమ్మకు ఫోన్ చేస్తే ముందు నవ్వింది. "కొన్న పిండితోని సకినాలేంది బిడ్డా, బియ్యం నానవోసి, తడి ఆరకముందే గిర్నిల పట్టియ్యాలె" అంది. ఇక్కడ పిండి గిర్ని ఎక్కడిది! ఇప్పుడు నానిన బియ్యాన్ని మిక్సీలో కొంచెం కొంచెంగా తిప్పి జల్లించుకుంటున్నాను.

పిండి సంగతి అట్లా తేలింది గానీ, చుట్టడం? రెండు కిలోల బియ్యానికే నా నడుం పడిపోయింది. మా వాడలో తెల్ల పంచె పరిచి చుట్టూ అయిదారుగురు కూర్చునేవాళ్ళు, ఈ రోజు మా ఇంట్లో, రేపు పెద్దమ్మ వాళ్ళింట్లో, ఎల్లుండి ఎదురింటి వదిన దగ్గర. ఎవరింట్లో ఎవరు చుట్టారో అందరికీ గుర్తుండేది, రానివాళ్ళ గురించి సంక్రాంతి దాకా చెప్పుకునేవాళ్ళు. చిన్నప్పుడు అదంతా ముచ్చట్లు పెట్టుకోవడానికి అనుకున్నాను, అది పనికి పని బదులు తీర్చుకోవడం అని ఇక్కడ ఒక్కదాన్నే గ్యారేజీలో కూర్చున్నాక అర్థమైంది.

ఇప్పుడు నాలుగు కుటుంబాలం కలిసి చేస్తున్నాం. అందులో ఓరుగల్లు వాళ్ళం ఇద్దరమే. గుంటూరు అమ్మాయి ఒకామె మొదట్లో "ఇదేం వంట, అరిసెలు చేసుకోక" అని ఎగతాళి చేసింది, ఇప్పుడు నాకంటే సన్నగా మూడు చుట్లు తిప్పుతుంది. మగవాళ్ళు కూడా కూర్చుంటారు. మా నాన్న జన్మలో ఆ పంచె దగ్గరికి రాలేదు, వీడియోలో అల్లుణ్ణి చూసి ఏమీ అనలేదు, దగ్గాడంతే. జనవరిలో ఇక్కడ మండే ఎండలు, ఒక్కోసారి 40 డిగ్రీలు, చుట్టినవి ఎక్కువ ఆరిపోయి తీస్తుంటే విరిగిపోతాయి, అందుకని పొద్దున ఆరింటికే మొదలుపెడతాం. (ఉత్తరాయణం అంటాం గానీ ఇక్కడ అప్పటికే పగలు తగ్గుతుంటుంది. మా పాప ఇది పట్టుకుని అడుగుతుంది, నా దగ్గర జవాబు లేదు.)

బతుకమ్మది ఇంకో గొడవ. అక్కడ వానలు వెళ్ళి తంగేడు, గునుగు విరగబూసే రోజుల్లో ఇక్కడ అప్పుడే వసంతం. ఇళ్ళల్లో చామంతి ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది, బంతికి ఎండాకాలం రావాలి. సూపర్ మార్కెట్లో కట్టలుగా అమ్మే చామంతులు, పెరట్లో పెంచిన కలెండ్యులా, ఇవే మాకు దిక్కు. ఒకసారి అమ్మ చీర మడతల్లో ఎండిన గునుగు పెట్టి పంపింది, విమానాశ్రయంలో చూపించాల్సిందే కదా, చూపించాను, అక్కడే చెత్తబుట్టలో పడింది.

తొమ్మిది రోజులూ ఆడటం ఎటూ లేదు. ఒక శనివారం అద్దె హాలులో అందరం కలుస్తాం, మొదటి రోజు ఎంగిలిపూలైనా, చివరి రోజు సద్దులైనా ఆ ఒక్క రోజే. అక్కడ స్పీకర్లలో పాట పెడతారు, నాకు అది నచ్చదు, కోపం అనుకున్నా సరే. ఒకరు పాడితే మిగతావాళ్ళు ఉయ్యాలో అని అందుకునేదాంట్లో పాట మరిచిపోయినా నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. స్పీకర్ ఎవరికోసమూ ఆగదు.

అందుకే సద్దుల నాడు మాత్రం ఏ వారమైనా సరే మా పెరట్లో పెడుతున్నాను. 2024లో అది అక్టోబరు 10, గురువారం. ఆఫీసుల నుంచి వచ్చేసరికి ఆలస్యమైంది, అంతకు ముందు ఆదివారమే గడియారాలు గంట ముందుకు జరిగాయి కాబట్టి ఏడున్నర దాకా వెలుతురు ఉండటం కలిసొచ్చింది. పులిహోర, పెరుగన్నం, నువ్వుల పొడి చేశాం, మలీద ముద్దలు గట్టిగా రాళ్ళలా వచ్చాయి. ఇక్కడ చెరువుల్లో పూలు వదలడం కుదరదు, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు నింపాం. ఫోన్ కుర్చీకి ఆనించి పెట్టాను, హన్మకొండలో అప్పుడు మధ్యాహ్నం రెండు, అమ్మ బతుకమ్మను వదిలే పద్మాక్షి గుండానికి బయల్దేరడానికి ఇంకా చాలా టైముంది, సిబ్బిలో గునుగు పేరుస్తూ మమ్మల్ని చూస్తోంది. అందరం పాడుతూ తాంబాలం వంచి బతుకమ్మను తొట్టిలోకి వదిలాం.

"గౌరమ్మను తీసుకున్నరా లేదా?" అంది అమ్మ.

తీసుకోలేదు. బతుకమ్మ మీద పెట్టే పసుపు ముద్దే గౌరమ్మ, వదిలే ముందు తీసి పుస్తెలకు అద్దుకోవాల్సిన పసుపు అది. నలుగురం చేతులు పెట్టి పూల కింద వెతుకుతుంటే నీళ్ళన్నీ పచ్చగా అయ్యాయి, గుంటూరు అమ్మాయి ఆ నీళ్ళలోనే వేళ్ళు ముంచి పుస్తెలకు అద్దుకుంది, మేమూ అదే చేశాం. అమ్మ ఏమంటుందో అని ఫోన్ వైపు చూస్తే, తలెత్తకుండా "సరే తియ్, నడుస్తది" అని ఇంకో గునుగు పువ్వు పెట్టింది.