వీధి చివరి పిండివంటల దుకాణానికి 12 లక్షలు ఇవ్వవచ్చా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. కూర్మన్నపాలెంలో సొంత ఇల్లు ఉంది, అప్పులు లేవు. చేతిలో 52 లక్షలు ఉన్నాయి. పెన్షన్ నెలకు 5 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు. మా వీధి చివర ఒకావిడ జంతికలు, అరిసెలు, సున్నుండలు చేసి అమ్ముతుంది. షాపులకు కూడా వేస్తుంది. ఆరేళ్లుగా చూస్తున్నాం, మాట మీద నిలబడే మనిషి. నలుగురు ఆడవాళ్లకు పని కల్పించింది. నెలకు 2 లక్షల 20 వేల దాకా అమ్మకం ఉందట. ఇప్పుడు గాజువాక మెయిన్ రోడ్డు మీద షాపు తీయడానికి నన్ను 12 లక్షలు అడిగింది. షాపు అడ్వాన్సుకు 4 లక్షలు, లోపల ఫర్నిచర్‌కు మూడున్నర, మెషిన్లకు 3, సరుక్కు లక్షన్నర. రూపాయిన్నర వడ్డీ ఇస్తానంది, కాదంటే వాటా రాసిస్తానంది. డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉండే కంటే మన ఊళ్లో నలుగురికి పనికొస్తే మంచిదని నా ఆశ. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండి. ముందుగా ఒక మాట. మీ ఆశ తప్పు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేం అక్కయ్యపాలెంలో ఉండేవాళ్లం. కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, జేబులో ఉన్న నోట్లు రెండు రోజుల్లో అయిపోయాయి. మా వీధి కిరాణా ఆయన తడిసిన పుస్తకంలో పేర్లు రాసుకుంటూ అందరికీ బియ్యం, కొవ్వొత్తులు, పాల పొడి ఇచ్చాడు. డబ్బు సంగతి ఎవరినీ అడగలేదు. మన పక్కన ఉండే దుకాణం బతకాలని నేను ఇంత గట్టిగా అనుకోవడానికి ఆ వారం ఒక కారణం. కాబట్టి మీ అబ్బాయిలాగా వద్దని ఒక్క మాటతో కొట్టేయను. కానీ 12 లక్షలు మాత్రం ఇవ్వొద్దు. మీ డబ్బు పోతుందన్న భయం ఒక్కటే కాదు, ఆ అప్పుతో ఆవిడ వ్యాపారం మునిగే ప్రమాదం ఉంది.

లెక్క చూడండి. రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి 18 శాతం. 12 లక్షల మీద నెలకు వడ్డీయే 18 వేలు. నూనె, పప్పులు, బెల్లం, గ్యాస్, కూలి, కవర్లు అన్నీ పోగా 2 లక్షల 20 వేల అమ్మకం మీద నూటికి 15 మిగులుతుందనుకుందాం. అంటే 33 వేలు. ఆవిడ ఇల్లు గడవాల్సింది కూడా అందులోనే. 18 వేలు మీకు కట్టి, కొత్త షాపు అద్దె కట్టి, అసలు ఎప్పుడు తీరుస్తుంది? ఆషాఢంలో, శూన్యమాసంలో పెళ్లిళ్లు లేక ఆర్డర్లు పడిపోయే నెలల్లో ఏం చేస్తుంది? మొదటి ఏడాదే మీ వడ్డీ కోసం ఇంకెవరి దగ్గరో మూడు రూపాయల వడ్డీకి తెస్తుంది. ఆ తర్వాత మీ ఇద్దరూ వీధిలో ఎదురుపడితే తలలు తిప్పుకుంటారు. ఇలా విడిపోయిన ఇరుగుపొరుగు వాళ్లను నేను చాలామందినే చూశాను.

ఇంకో సంగతి గమనించారా? అడిగిన 12 లక్షల్లో ఏడున్నర లక్షలు అడ్వాన్సుకు, ఫర్నిచర్‌కే పోతున్నాయి. జంతిక రుచి దానివల్ల పెరగదు. పనికి నేరుగా ఉపయోగపడేది మెషిన్ల 3 లక్షలు, సరుకు లక్షన్నర, అంతే. నన్నడిగితే షాపు ఆలోచన రెండేళ్లు పక్కన పెట్టమంటాను.

అసలు ఆవిడకు డబ్బు ఎందుకు తక్కువవుతోందో ముందు తెలుసుకోవాలి. పదేళ్ల కింద నా దగ్గరకు అట్టపెట్టెలు చేసే ఒకాయన వచ్చాడు. సరుకు కొనడానికి డబ్బుల్లేవు, 5 లక్షలు అప్పు ఇప్పించమన్నాడు. ఆయన షెడ్డుకు వెళ్లాను. టేబుల్ మీద బిల్లులు గుచ్చే ఇనప కడ్డీ ఒకటి ఉంది. దాన్నిండా కాయితాలు, అడుగున ఉన్నవి పసుపురంగుకు తిరిగాయి. ఒక్కొక్కటి ఊడదీసి, ఎవరు ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లయింది అని రాసుకుంటూ కూర్చున్నాం. మూడు గంటలు పట్టింది. మొత్తం 3 లక్షల 80 వేలు బయట ఉన్నాయి. అడుగున ఉన్న బిల్లుకు ఏడు నెలలు. ఆయనకు కావాల్సింది కొత్త అప్పు కాదు, తను చేసిన పనికి రావాల్సిన డబ్బు. మూడు నెలలు వెంటపడితే సగానికి పైగా వచ్చింది. అప్పు అవసరమే పడలేదు.

మీరూ ఆ పనే చేయండి. ఒక సాయంత్రం ఆవిడ ఖాతా పుస్తకం తెరిపించి, ఏ షాపు ఎంత బాకీ ఉందో, ఎన్ని రోజులైందో రాయండి. ఇన్నేళ్లు కర్మాగారంలో చేసిన మీకు లెక్క రాయడం కొత్త కాదు. ఆ సాయంత్రం ఆవిడకు మీ లక్ష రూపాయల కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆవిడకు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉందా అడగండి. 2020 జులై నుంచి ఉన్నదే, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని చేసిపెడతానంటే నమ్మొద్దు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సరుకు తయారుచేసి ఇచ్చిన చిన్న యూనిట్‌కు, ముందుగా రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటిన బిల్లును సరుకు కొన్న షాపువాడు ఆ ఏడాది ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకోలేడు, నిజంగా కట్టిన ఏడాదే చూపించుకోవాలి. ఆడిటర్లకు ఇది బాగా తెలుసు. ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, కానీ ఫిర్యాదు పెడితే ఆ షాపు మళ్లీ ఆర్డరు ఇవ్వదన్న భయం కూడా నిజమే. అందుకే నేను చెప్పేది, గొడవ అక్కర్లేదు, బిల్లు పుస్తకం మీద ఉద్యం నంబరు, కింద “45 రోజుల్లో చెల్లించగలరు” అన్న లైను అచ్చు వేయించమనండి. పెద్ద షాపుల అకౌంట్స్ సెక్షన్‌లో ఆ నంబరు ఉన్న బిల్లును పక్కన పడేయడం తగ్గుతుంది.

ఇంకోటి, ఇది నేను చాలా చిన్న దుకాణాల్లో చూశాను. గోడ మీద క్యూఆర్ స్టిక్కరు ఉంటుంది, స్కాన్ చేస్తే భర్త పేరో కొడుకు పేరో వస్తుంది. వ్యాపారం ఆవిడది, డబ్బు పడేది ఇంకొకరి సేవింగ్స్ ఖాతాలో. రేపు బ్యాంకుకు వెళ్తే ఆవిడ పేరు మీద అమ్మకమే కనపడదు, లోన్ ఎలా ఇస్తారు? ఆవిడ పేరుతో, దుకాణం పేరుతో కరెంట్ ఖాతా తెరిచి, స్టిక్కరు మార్చమనండి. ఆరు నెలల స్టేట్‌మెంట్ చేతిలో ఉంటే చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర పథకం ముద్రా కింద కిశోర్ విభాగంలో 50 వేల నుంచి 5 లక్షల దాకా తాకట్టు లేకుండా అడగవచ్చు. మెషిన్ల 3 లక్షలకు అది సరిపోతుంది. చిన్న ఆహార యూనిట్లకు మెషిన్ల ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఇచ్చే పథకం 2020లో వచ్చింది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒకసారి కనుక్కోమనండి.

బ్యాంకు మేనేజరు మిమ్మల్ని జామీను సంతకం పెట్టమంటే మాత్రం వద్దనండి. జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఆవిడ కట్టకపోతే బ్యాంకు నేరుగా మీ మీదకు రావచ్చు. వాటా మాటా అంతే. మామూలు భాగస్వామ్య సంస్థలో మీ వాటా పదో వంతే అయినా సంస్థ అప్పులన్నిటికీ మీ ఇల్లు కూడా పూచీ పడుతుంది.

ఇప్పుడు మీ 52 లక్షల సంగతి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 30 లక్షల దాకా వేయవచ్చు. ఇప్పుడున్న 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. ఖాతా తెరిచిన రోజు రేటే అయిదేళ్లూ ఉంటుంది. పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో 5 లక్షలు వేస్తే 7.4 శాతం మీద నెలకు 3,083. పెన్షన్‌తో కలిపి 28,583. మీ ఇంటి ఖర్చు అక్కడికి సరిపోయింది. ఆసుపత్రి, ఇతర అత్యవసరాలకు 7 లక్షలు బ్యాంకు డిపాజిట్లలో పెట్టండి. సహకార బ్యాంకైనా ఏ బ్యాంకైనా ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షలకే డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి రెండు చోట్ల వేయండి. ధరలు పెరుగుతాయి, మీ 28 వేలు పదేళ్ల తర్వాత చాలవు. అందుకని 7 లక్షలు షేర్లు, బాండ్లు కలిసిన ఫండ్‌లో వేసి, ఏడెనిమిదేళ్లు ముట్టుకోకండి. మిగిలింది 3 లక్షలు. ఊరికి ఉపయోగపడాలన్న మీ కోరికకు ఈ 3 లక్షలు. పూర్తిగా పోయినా మీ ఇంట్లో పొయ్యి ఆగదు. మీ అబ్బాయికి ఈ లెక్క కాయితం మీద రాసి చూపించండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

అందులోనూ ఇప్పుడు లక్షన్నరే ఇవ్వండి. ముప్పావలా వడ్డీకి, అంటే ఏడాదికి 9 శాతానికి, 24 నెలల వాయిదా మీద. నెలకు సుమారు 6,850 పడుతుంది, ఆవిడ మోయగలదు. డబ్బు ఆవిడ చేతికి కాకుండా కొటేషన్ చూసి మెషిన్ అమ్మేవాళ్ల ఖాతాకే పంపి, బిల్లు ఆవిడ పేరున తీసుకోమనండి. మొదట ప్యాకింగ్ సీలింగ్ మెషిన్, పిండి కలిపే మెషిన్. నాలుగు చేతులు రోజంతా చేసే పని అదే. నగదుగా మాత్రం ఇవ్వొద్దు, తీసుకోవద్దు, 20 వేలు, ఆపైన అప్పు నగదులో ఇచ్చిపుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ప్రోనోటు రాయించుకోండి. దాని మీద కోర్టుకు వెళ్లే గడువు మూడేళ్లు. వాయిదా కట్టినప్పుడల్లా వెనకవైపు తేదీ వేసి ఆవిడ చేతిరాతతో చెల్లు రాయించి సంతకం పెట్టించండి. నమ్మకం ఉన్నచోట ఇదంతా ఎందుకని మొహమాటపడకండి. రేపు మీకేమైనా అయితే మీ ఇంట్లోవాళ్లకూ ఆవిడకూ మధ్య మాట తేడా రాకుండా చూసేది ఆ కాయితమే. వచ్చిన వడ్డీని రిటర్నులో ఇతర ఆదాయం కింద చూపించండి.

సరుక్కు లక్షన్నర కావాలంది కదా, దానికి అప్పే అక్కర్లేదు. మీ కాలనీలో 40 ఇళ్లు సంక్రాంతి పిండివంటలకు రెండు నెలల ముందే ఇంటికి 3 వేల చొప్పున కడితే లక్షా 20 వేలు అవుతుంది. వడ్డీ లేని పెట్టుబడి. ఆ డబ్బుతో ఆవిడ అనకాపల్లి మార్కెట్‌కు వెళ్లి బెల్లం నగదుకు కొనుక్కోవచ్చు, నూనె డబ్బాలు పండగ రద్దీకి ముందే తెచ్చుకోవచ్చు. అరువు సరుకులో దుకాణదారుడు వడ్డీ ముందే కలుపుకుంటాడు, నగదు ఇచ్చేవాళ్లకు బేరం ఉంటుంది. ఆ తేడా నేరుగా ఆవిడ లాభం. ఇళ్లవాళ్ల దగ్గర పేరు, డబ్బు, తేదీ రాసిన రసీదు ఉండాలి, భోగికి మూడు రోజుల ముందు సరుకు ఇంటికి చేరాలి. నాకు అన్నిటికంటే బాగా నచ్చే దారి ఇదే. నలభై ఇళ్లు తలా మూడు వేలు పెడితే ఎవరికీ భారం కాదు, ఆవిడకు మాత్రం పండగ గట్టెక్కుతుంది. ఆ నలుగురు ఆడవాళ్లకు సంక్రాంతికి ముందే కూలి చేతికొస్తుంది, వాళ్లు కొత్త బట్టలు కొనేదీ మీ గాజువాకలోనే.

సంక్రాంతి అయ్యాక మూడు అంకెలు రాసి పంపండి. బయట రావాల్సిన బాకీ ఎంత, అందులో 45 రోజులు దాటింది ఎంత, ఆవిడ కరెంట్ ఖాతాలో నెలకు పడుతున్నది ఎంత. మిగతా లక్షన్నర ఇవ్వాలా వద్దా అనేది అవి చూసి చెబుతాను.