మీ జీతం బాధ, అమ్మాయి చదువు: రెండూ వేర్వేరు

ప్రశ్న: కాలుష్య నిబంధనలు కఠినమయ్యాక మా ఫ్యాక్టరీలో పైవాళ్ల జీతాలు పెరిగాయి, మాలాంటి వాళ్లవి అక్కడే ఆగిపోయాయి. మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. ప్లాంటులోనే పని చేస్తానంటోంది. సస్టైనబిలిటీలో, అంటే పర్యావరణానికి హాని తగ్గిస్తూ కంపెనీ నడపడం గురించిన చదువులో, పీజీ చేయమని నేనంటున్నాను. ఏది మంచిది? – ఒక తండ్రి

జవాబు: మీరు చూసింది నిజమేనండి. కొత్త నిబంధన వస్తే కంపెనీ యంత్రాలు మార్చాలి. వాటిని నడపడం తెలిసినవాళ్లకు గిరాకీ పెరుగుతుంది. ఆ ఖర్చు పూడ్చుకోవడానికి, గట్టిగా అడగలేని వాళ్ల ఇంక్రిమెంట్లు ఆపేస్తారు. కొన్ని కంపెనీలైతే పెద్ద అధికారుల బోనస్‌ను ఉద్గారాల తగ్గింపుతో ముడిపెట్టాయి. ఆ తగ్గింపు కోసం చెమటోడ్చిన వాళ్లకు అందులో వాటా ఉండదు. ఇది అన్యాయమే.

అలాగని తప్పు నిబంధనది కాదు. పొగ ముందు పీల్చేది ప్లాంటులో ఉన్నవాళ్లే కదా! అమెరికాలో 1990 నాటి స్వచ్ఛ గాలి చట్ట సవరణల ప్రభావాన్ని రీడ్ వాకర్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టి 2013లో ప్రచురించారు. నిబంధనల కిందికొచ్చిన రంగాల్లో సగటు కార్మికుడు మొత్తం మీద నష్టపోయింది, అంతకుముందున్న సంపాదనలో 20 శాతంతో సమానం. ఆ నష్టం దాదాపు అంతా ఉన్న ఉద్యోగం పోయి బయటికొచ్చిన వాళ్లదే. అంటే అమ్మాయికి కావాల్సింది ఇంకో కంపెనీలోనూ పనికొచ్చే నైపుణ్యం. అది ప్లాంటులో బాగా అబ్బుతుంది.

సస్టైనబిలిటీ పీజీ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. చాలా కోర్సులు నివేదికలు రాయడం నేర్పుతాయి, పొగగొట్టం దగ్గర ఏం జరుగుతుందో నేర్పవు. నివేదికల ఉద్యోగం ప్రభుత్వాల మాట మీద నిలబడుతుంది. ఐరోపా సమాఖ్య 2022లో కంపెనీల పర్యావరణ నివేదికలపై పెద్ద ఆదేశం తెచ్చింది, 2025లో చాలా కంపెనీలకు గడువును రెండేళ్లు వాయిదా వేసింది. ఆ ఆదేశాన్నే నమ్ముకుని కోర్సులో చేరిన పిల్లల సంగతేంటి?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీకు అందని జీతాన్ని అమ్మాయితో అందుకోవాలని చూస్తున్నారు. అది ఆమె బాధ్యత కాదు. ప్లాంటును కోరుకుంటున్న పిల్లను ఆఫీసు కుర్చీలోకి నెట్టడం మంచిది కాదండి.

టెన్షన్ పడకండి, ఆమె దారి సరిగ్గానే ఉంది. మురుగునీటి శుద్ధి, ఉద్గారాల కొలత తెలిసిన కెమికల్ ఇంజనీర్‌ను నిబంధనలు కఠినమైనా, సడలినా ఏ ఫ్యాక్టరీ సులువుగా వదులుకోదు. రెండు మూడేళ్లు పనిచేశాక పీజీ కావాలనిపిస్తే అప్పుడు చేయనివ్వండి. కొత్త యంత్రాల మీద శిక్షణ ఇమ్మని మీరు కూడా మీ కంపెనీని అడగండి, తోటివాళ్లతో కలిసి రాతపూర్వకంగా.