లంకలో ఉన్న నాన్నగారికి ఫోన్‌లో వైద్యం: అసలు చిక్కు సిగ్నల్ కాదు

మీరు అడిగింది: నాన్నగారు రాజోలు దగ్గర గోదావరి లంకలో ఉంటారు, బీపీ, షుగర్ ఉన్నాయి, మీరు హైదరాబాద్‌లో. ఈ-సంజీవనిలో (ఫోన్‌లో డాక్టర్‌ని చూపించే ప్రభుత్వ సేవ) చూపిస్తే సరిపోతుందా, ఊళ్లో ఎవరూ దాని జోలికి ఎందుకు పోవట్లేదు?

పాత జబ్బుకి మందులు సరిచూసుకోవడానికి బాగానే సరిపోతుంది. గుండెనొప్పి, మూతి వంకరపోవడం, ఆయాసం, పాముకాటు అయితే మాత్రం ఫోన్‌లో డాక్టర్ కోసం చూడకుండా 108కే.

సిగ్నల్ సంగతి అందరూ చెబుతారు. డాబా ఎక్కితే అది దొరుకుతుంది. దొరకనిది సరైన రీడింగ్. డాక్టర్ చెయ్యి పట్టి చూడలేడు కాబట్టి మీరిచ్చే అంకెలే ఆయనకు ఆధారం. బీపీ చూసే ముందు అరగంట కాఫీ, చుట్ట వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. షుగర్‌కి సబ్బుతో చేతులు కడిగి, బాగా తుడుచుకున్నాకే సూది. మామిడిపండు తిన్న వేలితో చూస్తే అంకె ఎక్కడికో పోతుంది. మన తేమకి స్ట్రిప్పుల డబ్బా మూత ఒక్క పూట తెరిచి ఉంచినా అవి పాడవ్వచ్చు. కాలికి పుండు ఉంటే పగటి వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, అరికాలు కూడా.

రెండో చిక్కు ఓటీపీ. మీ నంబరుతో రిజిస్టర్ చేస్తే అది మీకొస్తుంది, మీరు మీటింగ్‌లో ఉంటే పని అక్కడితో ఆగిపోతుంది. నాన్నగారి నంబరే ఇవ్వండి. ఆ తర్వాత టోకెన్, వరుస, వీడియో కాల్, చివర్లో చీటీ డౌన్‌లోడ్. కెమెరా, మైక్ అనుమతులు ముందే ఇచ్చి ఉంచండి. ఇదంతా కష్టమైతే ఊళ్లో విలేజ్ క్లినిక్‌కి వెళితే అక్కడి ఎంఎల్‌హెచ్‌పీ (క్లినిక్ చూసుకునే ఆరోగ్య సిబ్బంది) తన లాగిన్‌తోనే పెద్ద డాక్టర్‌ని కలుపుతారు. నా ఓటు దీనికే, బీపీ కూడా వాళ్లే చూస్తారు కాబట్టి.

పాత చీటీ తప్పకుండా చూపించండి. 2020 మార్చి టెలిమెడిసిన్ (ఫోన్ వైద్యం) మార్గదర్శకాల ప్రకారం షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి అటెనొలాల్ లాంటివి మొదటిసారి రాయాలంటే వీడియోలోనే రాయాలి. నిద్రకి ఆల్‌ప్రజోలం అడిగితే ఏ డాక్టరూ ఫోన్‌లో రాయకూడదు, అది నిషిద్ధ జాబితా. అక్కడ అలిగి లాభం లేదు.

ఇక ఊరివాళ్ల మాట: "సూది వేయని డాక్టరు డాక్టరేంటండీ?" రాత్రి పదింటికైనా బండి మీద వచ్చే ఆర్‌ఎంపీకి అలవాటుపడ్డ మనుషులు మరి. వాదించకండి. ఒక నెల రీడింగులు కాగితం మీద రాసి చూపించండి, షుగర్ తగ్గితే వాళ్లే అడుగుతారు.

వరదల ముందు మాత్రం జాగ్రత్త. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే వస్తుంది. అప్పటికి కనకాయలంక కాజ్‌వే లాంటి దారులు మునిగిపోతాయి. అందుకే జూలై మొదట్లోనే ఒకసారి చూపించి 30 రోజుల మందులు తెచ్చి పెట్టండి. ఇన్సులిన్ ఉంటే, వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటకుండా నీడలో ఉంచితే చాలా రకాలు 4 వారాలు ఆగుతాయి. తెరవనివి ఫ్రిజ్‌లోనే ఉండాలి, కరెంటు పోయే లంకలో వాటిని దాచుకోవడం కంటే గట్టు మీద చుట్టాలింట్లో పెట్టడం మేలు.