స్టీవ్ క్లార్క్ ఆరు మ్యాచ్‌ల లెక్క సరైనదే

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ చెల్సీకి 421 మ్యాచ్‌లు ఆడిన స్టీవ్ క్లార్క్ తన దేశం స్కాట్లాండ్‌కు ఆరే ఆడినట్టు కనిపిస్తోంది, ఎక్కడో ఒక అంకె ఎగిరిపోయిందేమో, క్విజ్‌లో పెట్టొచ్చా అని అడిగారు కదండీ. టెన్షన్ లేకుండా పెట్టండి, రెండు అంకెలూ నిజమే. మొదటిది క్లబ్ లెక్క, రెండోది దేశం తరఫున ఆడిన లెక్క. రెండూ కలపకూడదు.

1987 మొదట్లో స్కాట్లాండ్ క్లబ్ సెయింట్ మిరెన్ నుంచి చెల్సీకి వెళ్లాడు. అదే ఏడాది మే నెలలో సెయింట్ మిరెన్ స్కాటిష్ కప్ గెలిచింది, పాపం అతను అప్పటికే లేడు! చెల్సీలో రైట్ బ్యాక్‌గా (కుడి వైపు డిఫెండర్) పదకొండేళ్లు ఉన్నాడు. 1998 మేలో స్టాక్‌హోమ్‌లో జర్మనీ జట్టు స్టుట్‌గార్ట్‌పై 1-0తో గెలిచిన యూరప్ టోర్నీ కప్ విన్నర్స్ కప్ ఫైనలే చెల్సీకి అతని ఆఖరి మ్యాచ్.

ఆరు మ్యాచ్‌లవాడు జాతీయ కోచ్ ఎలా అయ్యాడన్న మీ రెండో సందేహానికి జవాబు, ఆట మానేశాక అతను నేర్చుకున్న పనిలో ఉంది. 2004 నుంచి చెల్సీలో హెడ్ కోచ్ మొరీన్యో దగ్గర సహాయకుడు. తర్వాత స్కాట్లాండ్ క్లబ్ కిల్‌మార్నాక్‌కు కోచ్‌గా దాన్ని 2018-19 స్కాట్లాండ్ లీగ్‌లో మూడో స్థానానికి చేర్చాడు. నన్నడిగితే అతని అసలు గొప్పతనం అక్కడే కనిపిస్తుంది, ఎందుకంటే అది డబ్బున్న క్లబ్ కాదు. 2019 మేలో స్కాట్లాండ్ బాధ్యత వచ్చింది. 2025 నవంబరులో గ్లాస్గోలోని హ్యాంప్‌డెన్ స్టేడియంలో డెన్మార్క్‌పై 4-2తో గెలిచి, 1998 తర్వాత తొలిసారి పురుషుల జట్టును ప్రపంచకప్‌కు తీసుకెళ్లాడు.

ప్రశ్నలో మాత్రం ‘క్లబ్ తరఫున’, ‘దేశం తరఫున’ అని విడిగా రాయండి.