మొదటి ఆర్‌ఎండీ ఏప్రిల్ దాకా ఆపుకోవచ్చా?

ప్రశ్న: నేను 1953లో పుట్టాను. ఉంటున్నది న్యూజెర్సీలోని ఎడిసన్. రిటైరై ఐదేళ్లైంది. మా ఆవిడకి 70. 2025 డిసెంబర్ 31 నాటికి నా ట్రెడిషనల్ ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా)లో 5,30,000 డాలర్లున్నాయి. మొదటి ఆర్‌ఎండీ (ఆ ఖాతాలోంచి ఏటా తప్పక తీయాల్సిన కనీస మొత్తం) 2027 ఏప్రిల్ 1 దాకా తీయక్కర్లేదని అల్లుడు అంటున్నాడు. ఆగమంటారా? ఏటా ఇక్కడి గుడికి 2,000 డాలర్లు కూడా ఇస్తుంటాను.

జవాబు: అల్లుడుగారు చెప్పింది నిజమే. అయినా మీరు ఆగొద్దనే నా సలహా.

ఆ వెసులుబాటు మొదటి ఆర్‌ఎండీకి మాత్రమే. రెండోది 2027 డిసెంబర్ 31లోపు తీసి తీరాలి. అంటే రెండూ ఒకే ఏడాది మీద పడతాయి.

లెక్క చూడండి. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పట్టికలో భాగించాల్సిన సంఖ్య 73 ఏళ్లకి 26.5, 74 ఏళ్లకి 25.5 ఉంటుంది. 5,30,000ని దాంతో భాగిస్తే 20,000. ఇది ఈ ఏడాదే, అంటే 2026లోనే తీసేస్తే, పెట్టుబడి లాభనష్టాలు పక్కన పెడితే, ఖాతాలో 5,10,000 మిగులుతుంది. వచ్చే ఏడాది 25.5తో భాగిస్తే మళ్లీ 20,000. ఆగారనుకోండి, 25.5తో భాగించేది మొత్తం 5,30,000ని. అప్పుడు 20,784 వస్తుంది. రెండూ కలిపి 2027 ఆదాయంలో 40,784 డాలర్లు చేరతాయి. సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌లో పన్ను పడే భాగం పెరగొచ్చు, అది 85 శాతం దాకా వెళ్తుంది. మెడికేర్ (పెద్దలకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం రెండేళ్ల కిందటి ఆదాయాన్ని బట్టి వేస్తారు కాబట్టి ఆ భారం ఉంటే 2029లో తెలిసొస్తుంది.

ఈ ఏడాది జీతం వస్తూ, వచ్చే ఏడాది ఆగిపోయేలా ఉంటే నేనే ఆగమనేవాణ్ణి. మీకా పరిస్థితి లేదు.

గుడి సంగతి. మీరు చెక్కు రాయకండి, ఐఆర్‌ఏ నుంచే నేరుగా గుడి పేరున పంపించండి. ఆ 2,000 ఆర్‌ఎండీలో జమవుతుంది, మీ ఆదాయంలో కలవదు. ఆ గుడి అమెరికా పన్ను చట్టం కింద అర్హత ఉన్న ధార్మిక సంస్థ అయ్యుండాలి. ఇండియాలో మన ఊళ్లో గుడికి పంపితే ఇది వర్తించదు. ముందు ఈ 2,000 వెళ్లాకే మిగిలిన 18,000 తీయండి. ఆర్‌ఎండీ మొత్తం తీసేశాక గుడికి పంపితే అది ఆర్‌ఎండీలో జమవదు.

మరీ డిసెంబర్ చివరికి పెట్టుకోకండి. ఒక పెద్దావిడ డిసెంబర్ 30న నాకు ఫోన్ చేశారు. ఫారం నింపారు గానీ ఒకచోట సంతకం మరిచిపోయారు. డబ్బు బయటికొచ్చేసరికి జనవరి వచ్చేసింది. తీయాల్సింది తీయకపోతే దాని మీద 25 శాతం జరిమానా, రెండేళ్లలో సరిదిద్దుకుంటే 10 శాతం. ఆవిడ గొంతులో ఆ వణుకు నాకింకా గుర్తుంది.

అక్టోబర్‌లో పని మొదలుపెట్టండి. ఫెడరల్ పన్ను కూడా అందులోంచే పట్టుకోమనండి. ఏడాది చివర్లో పట్టినా ఐఆర్‌ఎస్ దాన్ని ఏడాది పొడవునా కట్టినట్టే చూస్తుంది.