స్క్రూ మెషిను కొంటున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

మీ అడితిలో కట్టెలు చీల్చడానికి స్క్రూ మెషిను పెడుతున్నావని, తిరుగుతూ కట్టెలోకి దిగి చీల్చే మరలున్న ఇనుప కోను ఆన్‌లైన్‌లో ఆర్డరు కూడా ఇచ్చేశావని అక్క ఫోన్లో చెప్పింది. గొడ్డలి పట్టే మనుషులు దొరకడం లేదు, రంజాన్ వస్తే హలీమ్ బట్టీలవాళ్లు, ముహూర్తాలొస్తే ఫంక్షన్ హాళ్ల వంటవాళ్లు ఒక్కసారే మీద పడతారు. నీ ఇబ్బంది నాకు తెలుసు. తాతల నాటి అడితి మూసెయ్యకుండా నడుపుతున్నావంటే గర్వంగానూ ఉంది. మొద్దు ఎగిరొచ్చి నీకు తగులుతుందేమోనని అక్క భయం. నా భయం అది కాదు. నీ మెడలో ఎప్పుడూ వేలాడే ఆ తువ్వాలు.

అడగకుండా ఆర్డరు పెట్టినందుకు తిట్లు ఫోన్లో ఉంటాయి. ఇక్కడ పని సంగతులు రాస్తాను.

మొదట ఆ మెషిను దేనికి పనికొస్తుందో తెలుసుకో. అడుగు నుంచి అడుగున్నర పొడవు, ఎనిమిది పది అంగుళాల లావు, నార తిన్నగా ఉండి రెండు కొసలూ రంపంతో సాపుగా కోసిన మొద్దయితే దీని వేగాన్ని గొడ్డలి అందుకోలేదు. సుబాబుల్, సర్వి సులువుగా విచ్చుకుంటాయి. నీలగిరిని పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి ఎండబెట్టు, ఎండిన తర్వాత మొండికేస్తుంది. చింత మొద్దు, పంగ ఉన్న ముక్క, కణుపు మీద కణుపున్న సర్కారు తుమ్మ దీని దగ్గరికి తేవద్దు. వాటిలో నార ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటుంది. కోను లోపలికి పోతుంది గాని చెక్క విచ్చుకోదు. అక్కడ ఇరుక్కుని, మొద్దు మొత్తాన్నీ తనతోపాటు తిప్పడం మొదలుపెడుతుంది. వాటికి ఇప్పటికీ ఇనుప చీల, సమ్మెటే దిక్కు. రోడ్ల పక్కన కొట్టేసిన చెట్ల కట్టె వస్తే ఇంకో చిక్కు: ఫ్లెక్సీలకు కొట్టిన మేకులు, బైండింగ్ వైరు బెరడు కింద పూడుకుపోయి ఉంటాయి. కోను కొన వాటికి తగిలిందంటే విరుగుతుంది. ఆ లోడు విడిగా పెట్టించు.

రోజూ టన్నులకొద్దీ చీల్చే అడితికి, నూనె ఒత్తిడితో ఇనుప చీలను తోసే హైడ్రాలిక్ మెషినే సరైనదని నా అభిప్రాయం. సరిగ్గా తయారైన హైడ్రాలిక్‌లో రెండు చేతులూ రెండు లివర్ల మీద ఉంటేనే చీల కదులుతుంది, ఒక చెయ్యి తీస్తే ఆగిపోతుంది. స్క్రూకు అలాంటి దయ లేదు. కట్టెలు చీల్చే మెషిన్ల భద్రతకు యూరప్ వాళ్లు రాసుకున్న ఈఎన్ 609 ప్రమాణంలో కూడా చీల మెషిన్లకు మొదటి భాగం, స్క్రూ మెషిన్లకు రెండో భాగం అని విడివిడిగా రాశారు. ధర చూసి స్క్రూ వైపు వెళ్లావు, సరే. కనీసం దాన్ని దాని పద్ధతిలో నడుపు.

ఆన్‌లైన్‌లో 32, 42 మిల్లీమీటర్ల చిన్న కోన్‌లు చేతి డ్రిల్లుకు పెట్టుకోమని అమ్ముతారు. నువ్వు తెప్పించింది అదే అయితే వెనక్కి పంపించు. చెక్కలో బిగుసుకున్న క్షణాన డ్రిల్లు నీ మణికట్టును తిప్పేస్తుంది.

పెద్ద కోన్ అయితే మోటారు షాఫ్టుకు నేరుగా బిగించవద్దు. నాలుగు పోల్‌ల మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, కోనుకు కావలసింది 300 లోపు. మోటారుకు మూడంగుళాల పుల్లీ, కోను షాఫ్టుకు పదిహేనంగుళాల పుల్లీ వేస్తే 288 వస్తుంది, సరిపోతుంది. త్రీ ఫేజ్ 3 హెచ్‌పీ మోటారు, బీ సెక్షన్ బెల్టులు రెండు, 40 మి.మీ. షాఫ్టు, దానికి రెండు యూసీపీ 208 బేరింగులు. అన్నీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒకే వీధిలో దొరుకుతాయి. కోను బాలానగర్‌లో తిప్పించుకుంటానంటే ఈఎన్ 8 రకం స్టీలు వాడమను, కొన విడిగా మర బిగించి మార్చుకునేట్టు చేయించు. ముందుగా అరిగేది ఆ కొన భాగమే, ఒక్క కొన కోసం కోనంతా పారెయ్యక్కర్లేదు. బెల్టు మరీ బిగించకు. మొద్దు బిగుసుకున్నప్పుడు బెల్టు కీచుమని జారాలి. ఆ జారుడే నీకున్న మొదటి రక్షణ. జారుతోందని బెల్టుకు పట్టు కోసం రోజిన్ (గుగ్గిలం లాంటి బంక) రుద్దేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకు. పుల్లీలకు, బెల్టుకు అన్ని వైపులా జాలీ గార్డు పెట్టించు.

ఇక నన్ను నిద్రపోనివ్వని తప్పు. వెల్డింగు షాపుల్లో చేసి ఇచ్చే మెషిన్లలో చాలావాటికి బల్ల ఉండదు. ఉన్నా సైజు చూసి పెట్టింది కాదు, ఏదో ఒక రేకు. స్విచ్చి గోడకు ఉంటుంది. మొద్దును ఒకడు తొడకు ఆనించి పట్టుకుంటాడు, ఇంకొకడు గోడ దగ్గర స్విచ్చి మీద చెయ్యేసి నిలబడతాడు. ఇద్దరుంటే పని జోరుగా సాగుతుందని యజమాని లెక్క. కోను మొద్దును చీలుస్తున్నంతసేపూ మొద్దును తనవైపు లాగుతూనే, తనతోపాటు తిప్పాలనీ చూస్తుంది. పక్కకు ఆనేదేమీ లేకపోతే మొద్దు గిర్రున తిరుగుతుంది. పది పదిహేను కిలోల దుంగ కొస మోకాలికో మోచేతికో తగులుతుంది. గోడ దగ్గరివాడు జరిగింది చూసి, అర్థం చేసుకుని, స్విచ్చి కొట్టేలోగా కోను ఇంకా నాలుగైదు చుట్లు తిరిగి ఉంటుంది. స్విచ్చి ఆపినా ఆ పెద్ద పుల్లీ ఊపు మీద ఇంకొంచెం తిరుగుతుంది. పట్టుకున్నవాడికి ఆపే శక్తి లేదు, ఆపే శక్తి ఉన్నవాడికి నొప్పి తెలియదు. ఇద్దరి మధ్య ఇదే దూరం.

ఇది మనవాళ్లు కొత్తగా కనిపెట్టిన తప్పు కాదు. 1970లలో అమెరికాలో కారును జాకీ మీద లేపి, వెనక చక్రం విప్పి, ఆ హబ్బుకు కోను బిగించి కట్టెలు చీల్చేవాళ్లు. నేలే వాళ్లకు బల్ల. ఇంజను ఆపే తాళం డ్రైవరు సీటు దగ్గర, మనిషి డిక్కీ దగ్గర. ట్రాక్టరు వెనక తిరిగే పీటీఓ షాఫ్టుకి బిగించే కోన్‌లదీ ఇదే వరస: నిమిషానికి 540 చుట్లు, జారడానికి బెల్టు లేదు, ఆపాలంటే సీటు దాకా పోవాలి. చవకగా వస్తుందని ఎవడో ట్రాక్టరు కోను చూపిస్తాడు, ఒప్పుకోవద్దు.

కాబట్టి బల్ల ముందు, మెషిను తర్వాత. పది మి.మీ. ప్లేటు, కింద యాంగులర్ ఫ్రేము, నాలుగు కాళ్లూ కాంక్రీటులో యాంకర్ బోల్టులతో బిగించాలి. ఎత్తు రెండున్నర అడుగులు. కోను కొన బల్లకు నాలుగైదు అంగుళాల పైన ఉండాలి. అప్పుడు ఎనిమిది పది అంగుళాల మొద్దును పడుకోబెడితే కొన సరిగ్గా దాని నడుమకు తగులుతుంది. మొద్దు బెరడు వైపు కోనుకు ఉండాలి, నార కోనుకు అడ్డంగా ఉండాలి. కోసిన కొసను కోనుకు పెట్టావంటే అది చీల్చదు, బొక్క పెడుతుంది.

ఇప్పుడు చెప్పేది చదివి, మెషిను ముందు నిలబడి, ఇంకోసారి చదువు. మామూలు కుడి మర ఉన్న కోను, ఎదురుగా నిలబడ్డ నీకు, గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతూ కనిపిస్తుంది. అంటే మొద్దు ఎడమ కొసను కిందికి నొక్కుతుంది, కుడి కొసను పైకి లేపుతుంది. అందుకే మొద్దు పొడుగు భాగం ఎప్పుడూ నీ ఎడమ పక్కన ఉండాలి. అది బల్లకు ఆని నిలబడుతుంది. పొడుగు భాగం కుడి పక్కన ఉంటే, ఎడమన మిగిలిన పొట్టి భాగం ఆ తిప్పుడును ఆపలేదు, మొద్దు లేస్తుంది. పొట్టి మొద్దును నిలువుగా పెట్టాల్సి వస్తే దాని కింది కొస కుడివైపు జారుతుంది. అక్కడ ఆనేటట్టు బల్లకు ఒక యాంగులర్ ముక్క బోల్టులతో బిగించుకో, పడుకోబెట్టే మొద్దులప్పుడు విప్పెయ్యి. కోను మొదలు దగ్గర ఒక నిలువు ప్లేటు కూడా ఉండాలి, లేకపోతే పేళ్లు బేరింగుల్లోకి పోతాయి.

మెషిను దగ్గర ఒక్కడే. మొద్దు పెట్టేదీ వాడే, నడిపేదీ వాడే, ఆపేదీ వాడే. కాలితో తొక్కినంతసేపే నడిచే ఫుట్ స్విచ్చి పెట్టించు, మొద్దు జారి దాని మీద పడకుండా పైన మూత ఉన్నది తీసుకో. దానికి తోడు నడుము ఎత్తులో, కుడి చేతికి అందేటట్టు, కొట్టగానే మెషినును ఆపే ఎర్ర పుట్టగొడుగు బటన్. రెండో మనిషి పేళ్లు ఎత్తడానికి కావాలంటే, ఎనిమిది అడుగుల దూరంలో పెయింటుతో ఒక గీత గీయించు. కోను ఆగాకే అతను గీత దాటాలి.

బట్టల సంగతి. ఎనభై మి.మీ. కోను మొదలు దగ్గర ఒక్క చుట్టుకు పాతిక సెంటీమీటర్ల గుడ్డను చుట్టుకుంటుంది. సెకనుకు దాదాపు ఐదు చుట్లు. అంటే నీ తువ్వాలు సెకనుకు మీటరుకు పైగా లోపలికి పోతుంది, తర్వాత మెడ. తువ్వాలు, లుంగీ, వదులు చొక్కా, మెడలో గొలుసు, మణికట్టుకు దర్గా దారం, నల్ల తాడు, చేతికి తాయెత్తు, ఏదీ వద్దు. అమ్మమ్మ కట్టిందని మొహమాటపడకు, గుడికి వెళ్లేప్పుడు మళ్లీ కట్టుకోవచ్చు. పేళ్లు ఏరడానికి వచ్చే ఆడవాళ్ల చీర కొంగు, జడ కూడా అంతే. కొంగు దోపుకున్నా సరే, గీత దాటనివ్వద్దు. చేతి తొడుగుల దగ్గర చాలామంది పొరబడతారు. తుమ్మ ముళ్లకు తొడుగులు కావాలి, నిజమే. ముళ్లు కొట్టేప్పుడు, మోసేప్పుడు వేసుకో. కోను తిరిగేప్పుడు తీసెయ్యి. ఉత్త చర్మం గీసుకుపోతుంది, తొడుగు మాత్రం చేతిని వెంట తీసుకుపోతుంది. నడుస్తున్న మెషినుకు గ్రీజు పెట్టే, బెల్టు సర్దే మనిషికి ఒంటికి అతుక్కునే బట్టలు ఉండాలని, అవి యజమానే ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. నీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకు రెండేసి జతలు కుట్టించు. కళ్లద్దాలు, ముందు స్టీలున్న బూట్లు కూడా.

పని ఇలా సాగాలి. మొద్దును వెనక నుంచి రెండడుగుల కర్రతో తొయ్యి, అరచేత్తో కాదు. కొన పట్టుకోగానే వదిలేసి, కాలు ఫుట్ స్విచ్చి మీదే ఉంచి ఒళ్లు వెనక్కి తీసుకో, మిగతాది అదే లాక్కుంటుంది. పట్టుకోకుండా తిరుగుతూ పొగ వస్తోందంటే కొన మొద్దుబారింది. అప్పుడు పొట్టతో నెట్టడం మొదలుపెడతారు, అదే కొంప ముంచుతుంది. ఆపి, ఆకురాయితో కొన పదును పెట్టు, లేదా మార్చు. చీలిన రెండు ముక్కలూ నారతో అతుక్కుని కోను మీదే వేలాడితే ముట్టుకోవద్దు. కాలు తియ్యి, కోను పూర్తిగా ఆగనివ్వు, మెయిన్ తీసి, ఆ తర్వాత చిన్న గొడ్డలితో నార తెంచు. మొద్దు ఇరుక్కుంటే కూడా మెయిన్ తీశాకే, గార్డు విప్పి పెద్ద పుల్లీని చేత్తో వెనక్కి తిప్పు. ఫార్వర్డ్ రివర్స్ స్విచ్చి ఉంటే వాడొచ్చు, మోటారు పూర్తిగా ఆగిన తర్వాతే. ఎవరి బట్టైనా, చెయ్యైనా చిక్కుకుంటే మాత్రం కరెంటుతో రివర్స్ చేయనే వద్దు. మెయిన్ తీసి, పుల్లీని చేత్తో వెనక్కి తిప్పి విడిపించు, 108కి ఫోన్ చెయ్యి.

కరెంటు పోయి వచ్చేప్పుడు జాగ్రత్త. ఉత్త నైఫ్ స్విచ్చి పెట్టుకుంటే కరెంటు రాగానే మెషిను దానంతట అదే తిరుగుతుంది, అప్పటికి ఎవరో కోను మీద వంగి ఉంటారు. డీఓఎల్ స్టార్టరు పెట్టించు. కరెంటు పోతే దాని కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ బటన్ నొక్కితే గాని నడవదు. ఫుట్ స్విచ్చి ఆ కాయిల్ లైనులోనే రావాలి. ఓవర్‌లోడ్ రిలేను మోటారు నేమ్‌ప్లేటు మీదున్న ఆంపియర్లకే సెట్ చెయ్యి, ట్రిప్పవుతోందని పెంచకు. ఒక ఫేజు పోతే ఆపే రిలే, మంచి ఎర్తింగు, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఇంటి మీటరు నుంచి వైరు లాగొద్దు. సాయంత్రం మెయిన్‌కు తాళం వేసి తాళంచెవి నీ జేబులో పెట్టుకో, పిల్లలు ఆ అడితిలోనే ఆడుకుంటారు.

కోపం తెచ్చుకోకు బిడ్డా. నువ్వు తెలివైనవాడివే, కాకపోతే తొందరెక్కువ. ఇంకా మొద్దు పెట్టకుండా, ఉత్త కోను ఒక గంట తిప్పి బేరింగులు వేడెక్కుతున్నాయేమో చూడు. వచ్చే ఆదివారం నేను చర్లపల్లి వైపు వస్తున్నాను, టేపు, చుట్లు లెక్కపెట్టే టాకోమీటరు తెచ్చుకుంటాను. అప్పటిదాకా బల్ల, పుల్లీలు, స్విచ్చి ఫోటోలు పంపు. గార్డు లేని పుల్లీ ఫోటో పంపితే జవాబు ఇవ్వను.

మీ మామయ్య