హైస్కూలు ఫుట్‌బాల్‌కు దమ్ము పెంచుకోవడం: మా అబ్బాయి మొదటి వేసవి

తొమ్మిదో తరగతిలో చేరబోతున్న మీ అబ్బాయి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు పేరు ఇచ్చాడనీ, రెండు నిమిషాలు పరుగెత్తితే చాలు ఆయాసపడుతున్నాడనీ, ఆగస్టులో ప్రాక్టీసు మొదలయ్యేలోగా ఇంటి దగ్గర ఏం చేయించాలో తెలియడం లేదనీ మీరు రాశారు. నేను కోచ్‌ను కాను, డాక్టరును కాను. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక ఊళ్ళో నాలుగేళ్ళ క్రితం మా అబ్బాయి సరిగ్గా ఇదే దశలో ఉన్నప్పుడు తండ్రిగా నేను చేసిన పనుల్లో సగం తప్పులే. వాటితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మన ఇళ్ళలో చాలామంది తండ్రులు చేసే తప్పులూ అవే.

గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో నేను అయిదు వేల మీటర్ల పరుగు పందేలకు వెళ్ళేవాణ్ణి. అందువల్ల దమ్ము అనగానే నాకు దూరమే గుర్తుకు వచ్చేది. మే నెలాఖరులో బడికి సెలవులిచ్చిన మర్నాటి నుంచే మా వాణ్ణి రోజూ రెండు మైళ్ళు పరుగెత్తించి, రెండో వారంలో దాన్ని మూడు మైళ్ళు చేశాను. అప్పటికి వాడి బరువు 195 పౌండ్లు. వాడు ఆడబోయేది లైన్‌మన్ స్థానంలో, అంటే ఎదుటి జట్టువాణ్ణి మీద పడి నెట్టవలసిన ముందు వరుసలో. మూడో వారానికి మోకాలి కింద ఎముక పొడవునా నొప్పి పుట్టి, మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకోవలసి వచ్చింది. పది రోజులు పూర్తిగా విశ్రాంతి ఇవ్వవలసి రావడంతో, ఉన్న పది వారాల్లో దాదాపు నాలుగు వారాలు నా చేతులారా పోగొట్టాను.

ఆ పది రోజుల్లోనే నేను ఈ ఆటను మొదటిసారి శ్రద్ధగా చూశాను. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక పాత హైస్కూలు ఆట వీడియో చూస్తే, ఒక్కొక్క ప్లే, అంటే బంతి కదిలినప్పటి నుంచి ఆట ఆగేదాకా సాగే ఒక్క ఎత్తు, నాలుగు నుంచి ఏడు సెకన్లకు మించడం లేదు. ఆ తరువాత ఆటగాళ్ళు లేచి, సర్దుకుని, మళ్ళీ వరుసలో నిలబడటానికి అరనిమిషం పైనే పడుతోంది. టెక్సాస్ ప్రభుత్వ పాఠశాలలు కొద్ది మార్పులతో కాలేజీ నియమాల ప్రకారమే ఆడతాయి కనుక, ఒక ప్లే ముగిసి రెండోది మొదలు కావడానికి సాధారణంగా 40 సెకన్ల వరకు గడువు ఉంటుంది. ఇలా ఎనిమిదో పదో ప్లేలు వరుసగా జరిగితే దాన్ని ఒక డ్రైవ్ అంటారు. అది ముగిశాక బెంచీ మీద కొన్ని నిమిషాలు కూర్చోవచ్చు. పన్నెండేసి నిమిషాల నాలుగు క్వార్టర్లూ ఇదే వరస. అంటే మూడు మైళ్ళు ఆగకుండా పరుగెత్తే అవసరం ఈ ఆటలో ఎవరికీ, ఎప్పుడూ రాదు. అయిదు సెకన్లు ఉన్న బలమంతా పెట్టి, అరనిమిషంలో ఊపిరి కుదుట పరచుకుని, మళ్ళీ అంతే బలం పెట్టగలగడమే ఇక్కడ దమ్ము.

మొదటి అయిదారు సెకన్ల విజృంభణకు కండరంలో ముందే నిలవ ఉన్న శక్తి సరిపోతుంది. ఆ నిలవ అరనిమిషంలో సుమారు సగం మాత్రమే తిరిగి నిండుతుంది, పూర్తిగా నిండాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. అది ఎంత త్వరగా నిండుతుందనేది గుండె, ఊపిరితిత్తులు అందించే ప్రాణవాయువు మీద ఆధారపడుతుంది. కాబట్టి నెమ్మదైన వ్యాయామం వృథా అని నేను అనడం లేదు. అది పునాది వరకే. నేను పునాది పోస్తూ పోస్తూ ఇల్లు కట్టడం మరిచిపోయాను.

నొప్పి తగ్గాక ఏం చేశామో చెబుతాను. వారానికి రెండు రోజులు పాతిక నిమిషాల పాటు సైకిలు తొక్కించాను. మాట్లాడుతూ తొక్కగలిగేంత నిదానంగానే. ఎముకల మీద బరువు పడదు కనుక బరువైన పిల్లలకు ఇది పరుగు కంటే మేలు. మరో రెండు రోజులు పార్కులో గడ్డి మీద పది, ఇరవై గజాల చిన్న పరుగులు, ప్రతి పరుగు తరువాత పూర్తిగా తేరుకునేదాకా విరామం. ఈ విరామం దగ్గరే తండ్రులకు ఓపిక ఉండదు, పిల్లవాడు ఊరికే నిలబడి ఉంటే బద్ధకిస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ తేరుకోకుండా పరుగెత్తితే వాడు వేగంగా పరుగెత్తడం నేర్చుకోడు, అలసిపోయి పరుగెత్తడం నేర్చుకుంటాడు. రెండు వారాల తరువాత నూరు గజాల పరుగులు చేర్చాం, అవి కూడా ముప్పాతిక వేగంతోనే. మొదట ఆరు, క్రమంగా పన్నెండు.

చివరి మూడు వారాల్లో అసలు పని జరిగింది. నేను చేతిలో గడియారం పట్టుకుని నిలబడేవాణ్ణి. వాడు లైన్‌మన్ కూర్చునే భంగిమలో ఒక చెయ్యి నేలకు ఆనించి వంగి ఉండేవాడు. నేను చప్పట్లు కొట్టగానే లేచి, అయిదు సెకన్లు ముందుకు దూకడమో, వెనక్కు అడుగులు వేయడమో, పక్కకు మళ్ళడమో చేయాలి. ఆపైన 35 సెకన్లు నడక. ఇలాంటివి పది అయితే ఒక డ్రైవ్, తరువాత నాలుగు నిమిషాలు కూర్చోవడం. మొదటి రోజు రెండు డ్రైవ్‌లకే చతికిలబడ్డాడు. జూలై చివరికి నాలుగు చేయగలిగాడు, నాలుగో దానిలోనూ లేచే వేగం తగ్గలేదు. మెరుగుదలను నేను నాడిని బట్టి కొలిచాను: డ్రైవ్ ముగిసిన వెంటనే ఒకసారి, నిమిషం తరువాత ఒకసారి పదిహేను సెకన్ల పాటు నాడి లెక్కించి నాలుగుతో హెచ్చించేవాణ్ణి. మొదట్లో ఆ నిమిషంలో పద్దెనిమిది మాత్రమే తగ్గేది. చివరికి ముప్పై అయిదు దాకా తగ్గడం మొదలైంది. గంటకు ఎన్ని మైళ్ళు అన్న లెక్క కంటే ఈ ఒక్క అంకె నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

మీ అబ్బాయి దూరం పరుగెత్తి బంతి అందుకునే రిసీవర్‌గానో, అతణ్ణి అడ్డుకునే డిఫెన్సివ్ బ్యాక్‌గానో ఆడబోతున్నట్లయితే ఈ అయిదు సెకన్ల పనిలో ముప్పై, నలభై గజాల పరుగులు ఎక్కువగా కలపండి. బరువులెత్తే వ్యాయామం సంగతి నేను చెప్పను. వేసవి ఉదయాల్లో బడిలోనే కోచ్‌లు శిక్షణ ఇస్తారు, అక్కడికి పంపితే చాలు. అయితే అక్కడ కాళ్ళతో కష్టమైన పని చేయించిన రోజు సాయంత్రం ఇంటి దగ్గర మళ్ళీ పరుగులు పెట్టవద్దు. చాలా జట్లు మొదటి వారంలో ఒక పరీక్ష పెడతాయి. 110 గజాల పరుగు, మధ్యలో అరనిమిషమో ముప్పావు నిమిషమో విరామం, అలా పదో పదహారో సార్లు. లైన్‌మన్‌లకు ఎక్కువ సెకన్లు, రిసీవర్లకు తక్కువ సెకన్లు గడువు. మీ బడి పరీక్ష ఏమిటో ముందే కోచ్‌ను అడిగి తెలుసుకుని, జూలైలో రెండు మూడుసార్లు అలాగే చేయించండి.

ఇక రెండో తప్పు. ఇది మొదటిదాని కంటే పెద్దది, ఇప్పుడు తలచుకున్నా నాకు భయం వేస్తుంది. టెక్సాస్ ఎండకు అలవాటు పడాలి కదా అని జూన్ నెలలో ఒక రోజు మధ్యాహ్నం మూడు గంటలకు, 102 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో, వాణ్ణి పార్కుకు తీసుకువెళ్ళాను. ఇరవై నిమిషాల తరువాత ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండగా "నాన్నా, చలేస్తోంది" అన్నాడు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. వెంటనే వాంతి చేసుకున్నాడు. నీడకు లాక్కెళ్ళి, వెంట తెచ్చిన ఐసు నీళ్ళన్నీ తల మీద, మెడ మీద పోసి, కారులో ఏసీ పెట్టి పడుకోబెడితే పావుగంటకు మామూలు మనిషి అయ్యాడు. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఎండకు అలవాటు పడటం నిజమే, కానీ దానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది, అదీ కొద్ది కొద్దిగా. ఆ రోజుల్లో రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. అందుకే టెక్సాస్ నియమాల ప్రకారం ఆగస్టు ప్రాక్టీసులో మొదటి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, తరువాతి రెండు రోజులు హెల్మెట్‌తో పాటు భుజాల ప్యాడ్లు, అయిదో రోజు నుంచి పూర్తి ప్యాడ్లు వేసుకోనిస్తారు. ఇంటి దగ్గర మేము జూలై రెండో వారం నుంచి ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టి, రెండు రోజులకొకసారి పావుగంట చొప్పున ఆలస్యంగా, ఎండ ఎక్కే వేళకు జరిపాం. పదకొండు దాటనివ్వలేదు. వేసవి అంతా ఏసీ గదిలో వీడియో గేములు ఆడి ఆగస్టులో మైదానానికి వచ్చే పిల్లలే మొదటి మూడు రోజుల్లో ఎక్కువగా పడిపోవడం నా కళ్ళారా చూశాను.

పిల్లవాడు తడబడుతూ మాట్లాడినా, ఎక్కడ ఉన్నాడో తెలియనట్టు చూసినా అది మామూలు అలసట కాదు, వడదెబ్బ. 2001 ఆగస్టులో మిన్నెసోటా వైకింగ్స్ జట్టులోని కోరీ స్ట్రింగర్ శిక్షణ శిబిరంలో వడదెబ్బకే చనిపోయాడు. అతని పేరు మీద కనెటికట్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన సంస్థ ఈ విషయం మీదే పని చేస్తోంది. 911కు ఫోను చేస్తూనే, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా, ఐసు నీళ్ళ తొట్టిలో మెడ దాకా ముంచాలి. ముందు చల్లార్చడం, ఆ తరువాతే ఆసుపత్రికి తరలించడం. మీ బడి మైదానం పక్కన అలాంటి తొట్టి సిద్ధంగా ఉందా లేదా అని తల్లిదండ్రుల సమావేశంలో మొహమాటం లేకుండా అడగండి.

నీళ్ళు ఇవ్వకపోతే పిల్లలు గట్టిపడతారనే నమ్మకం ఈ రాష్ట్రంలో ఒకప్పుడు గట్టిగా ఉండేది. 1954లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం జట్టు కోచ్ బేర్ బ్రయంట్ తన ఆటగాళ్ళను జంక్షన్ అనే చిన్న ఊరికి తీసుకువెళ్ళి, కరవు కాలంలో, మండుటెండలో, నీళ్ళు తాగనివ్వకుండా పది రోజులు శిక్షణ ఇచ్చాడు. చాలామంది మధ్యలోనే పారిపోయారు. దాన్ని నేటికీ వీరగాథలా చెప్పుకుంటారు. ఆ ఏడాది ఆ జట్టు ఒక ఆట గెలిచి తొమ్మిది ఓడిందని మాత్రం తక్కువమంది చెబుతారు. రెండేళ్ళ తరువాత అదే కోచ్ కింద ఆ జట్టు తన కాన్ఫరెన్స్‌లో, అంటే తాను ఆడే కాలేజీ జట్ల కూటమిలో, విజేత అయిన మాట కూడా నిజమే, కానీ దాని ఘనతను దాహానికి కట్టబెట్టడం నాకు సబబుగా తోచదు.

అలాగని భయపడి బిందెలు బిందెలు తాగించడమూ ప్రమాదమే. 2014లో జార్జియాలో ఒక హైస్కూలు ఆటగాడు కండరాలు పట్టేయకుండా ఉండాలని గాలన్ల కొద్దీ నీళ్ళూ స్పోర్ట్స్ డ్రింకూ తాగి, రక్తంలో సోడియం పడిపోయి చనిపోయాడు. మేము ప్రాక్టీసుకు ముందూ తరువాతా బరువు చూసేవాళ్ళం. తగ్గిన ప్రతి పౌండుకు అర లీటరు పైచిలుకు, అదీ రెండు మూడు గంటల్లో నిదానంగా. మర్నాటి ఉదయానికి బరువు మొదటి అంకెకు రాకపోతే ఆ రోజు తేలికపాటి పనే. ఇంటికి రాగానే మా వాడికి అన్నిటికంటే నచ్చింది ఉప్పు వేసిన పలచని మజ్జిగ. నీళ్ళు, ఉప్పు రెండూ అందులోనే ఉన్నాయి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తెల్లవారి శిక్షణకు ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు. వచ్చాక గుడ్లు, పాలు, ఆపైన మామూలు భోజనం. మీరు శాకాహారులైతే పప్పు, పెరుగు, పనీర్, వేరుశనగలు ప్రతి పూటా ఏదో ఒకటి ఉండేలా చూడండి, చారన్నం ఒక్కటే తిని వెళ్ళనివ్వకండి. నిద్ర మాత్రం ఎనిమిది గంటలకు తగ్గనివ్వలేదు, ఫోను రాత్రి పదింటికి మా గదిలోకి వచ్చేది.

మీరు రాసినదానిలో ఒక్క మాట నన్ను ఆపింది. రెండు నిమిషాలకే ఆయాసం అన్నారు. వ్యాయామం లేకపోవడం వల్లే అయి ఉండవచ్చు, కానీ దగ్గుతో పాటు పిల్లికూతలు వినిపిస్తే ఉబ్బసం ఉందేమో చూపించండి. పరుగెత్తుతుండగా ఎప్పుడైనా ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, మీ రెండు వైపుల బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి పోయినా డాక్టరుతో తప్పక చెప్పండి. బడికి ఇవ్వవలసిన శారీరక పరీక్ష పత్రంలో ఈ ప్రశ్నలు ఉంటాయి, చాలామంది తల్లిదండ్రులు చదవకుండానే అన్నిటికీ "లేదు" అని గీతలు పెట్టేస్తారు. ఆ పరీక్షతో పాటు ఈసీజీ కూడా తీయించుకోవచ్చు, మేము తీయించాం. జూలైలో డాక్టర్ల దగ్గర ఖాళీ దొరకదు, పత్రం లేనిదే మైదానంలో అడుగు పెట్టనివ్వరు కనుక ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి.